‘అమ్మ చేతి ఊట’ను దిద్దకముందు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మాది మదనపల్లె. పెళ్లయి బెంగళూరు వచ్చి 19 ఏళ్లవుతోంది. మల్లేశ్వరంలో ఒక ఆడిటరు దగ్గర లెక్కలు చూస్తాను. నాలుగేళ్ల కిందట ఇక్కడి తెలుగువాళ్లం కొందరం కలిసి వాట్సాప్‌లో కవితల గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు 60 మందిమి. పద్యాలు రాసేవాళ్లున్నారు, వచన కవితలు, నానీలనే నాలుగు పంక్తుల చిన్న కవితలు రాసేవాళ్లున్నారు. అందరం ఉద్యోగాలు, సంసారాలు చూసుకుంటూ ఇష్టంకొద్దీ రాసేవాళ్లమే.

కిందటి నెల మాలో ఒక పెద్దాయన, 72 ఏళ్లవారు, చనిపోయిన భార్య మీద ఐదు కంద పద్యాలు రాసి పెట్టారు. మూడో పద్యం రెండో పాదంలో ప్రాస తప్పింది. ఆ మాటే రాశాను. ఆమె పోయి నెల అయిందని నాకు తెలుసు. అయినా తప్పు తప్పే కదా అనుకున్నాను. పది నిమిషాల్లో ఆయన పద్యాలన్నీ తొలగించి గ్రూపులోంచి వెళ్లిపోయారు. అందరూ నన్నే తప్పుబట్టారు. ఇకమీదట ప్రోత్సహించే మాటలే రాయాలని అడ్మిన్ నియమం పెట్టారు. అప్పటినుంచి ఎవరు ఏది పెట్టినా చప్పట్లు, పూలు, దండాల బొమ్మలే. నా కవితలకూ అవే.

మొహమాటానికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల రాతల్లో కన్నడ మాటలు దొర్లితే సరిచేస్తుంటాను. ఈమధ్య ఒక అబ్బాయి ‘అమ్మ చేతి ఊట’ అని రాస్తే ‘వంట’ అని దిద్దాను. వెంటనే మార్చుకుని కృతజ్ఞతలు కూడా చెప్పాడు. అందరూ అలా తీసుకుంటే ఎంత బాగుంటుంది! నిజం చెప్పడం తప్పా? నా కవితలు బాగున్నాయో లేదో నేను ఎవరిని అడగాలి? ఒక కవిత జతచేస్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్పండి.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా,

మీరు గుచ్చి అడిగింది పెద్దాయన గురించి. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం మీరు రెండు ముక్కల్లో చెప్పి వదిలేసిన ఆ అబ్బాయి సంగతి. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు పెద్దాయన.

కందానికి నాలుగు పాదాల్లోనూ ప్రాస, అంటే రెండో అక్షరంగా ఒకే హల్లు, ఉండాలి. ఒక పాదంలో తప్పినా చెవికి తెలిసిపోతుంది. మీరు పట్టుకున్నది నిజమైన తప్పే. ఐదు పద్యాల్లో ఒక్క పాదం దగ్గర ఆగగలిగారంటే మీ చెవి మంచిది, శ్రద్ధగానే చదివారు. అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ రాత్రి ఆయన ఏం చేస్తూ ఉండి ఉంటారో ఒక్కసారి తలుచుకోండి. 72 ఏళ్ల మనిషి. ఇంట్లో రెండో మంచం ఖాళీ. నిద్రపట్టక కాగితం తీసుకుని నాలుగేసి మాత్రల (అక్షరం పలికే కాలాన్ని కొలిచే లెక్క) చొప్పున గణాలు, అంటే అక్షరాల గుంపులు, లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఒక మాట పెడితే మాత్ర ఎక్కువైంది, ఇంకొకటి పెడితే ప్రాస పోయింది. ఆ లెక్కే ఆయనను కొన్ని గంటలపాటు నిలబెట్టి ఉంటుంది. ఐదూ పూర్తయ్యాక వాటిని ఒక్కరే ఉంచుకోలేక మీ అందరి ముందు పెట్టారు. అవి దిద్దడానికి ఇచ్చిన పద్యాలు కావు. పరామర్శకు వెళ్లిన ఇంట్లో పటానికి వేసిన దండ ఒక పక్కకు ఒరిగి ఉంటే, ‘దండ వంకరగా ఉందండీ’ అని పదిమందిలో అనం. సందు చూసి చేత్తో సర్దుతాం, లేదంటే అలాగే ఉండనిస్తాం. దండ వంకరగా ఉండటం నిజమే అయినా సరే.

కాబట్టి ‘నిజం చెప్పడం తప్పా’ అన్న మీ ప్రశ్న దగ్గర నేను ఆగను. ఎవరికి, ఎప్పుడు, ఎంతమంది ముందు అన్న మూడింటిలోనూ ఆ రోజు మీరు పొరబడ్డారు. పోయిన మనిషి గురించి ఒక్క మాట కూడా రాయకుండా ప్రాస గురించి రాయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఆయన ఇంటికి వెళ్లండి. ఫోనులో వద్దు. గ్రూపులో క్షమాపణ రాసినా ప్రయోజనం లేదు, అక్కడ ఆయన లేరు కదా. ఒక ఆదివారం సాయంత్రం, మీ వారినో మీ అమ్మాయినో వెంటబెట్టుకుని, నాలుగు పళ్లు పట్టుకుని వెళ్లండి. ‘ఆ రోజు నేను అలా రాయకుండా ఉండవలసింది, మీ మనసు కష్టపెట్టాను’ అని చెప్పండి. ప్రాస తప్పలేదని మాత్రం అనకండి. అది అబద్ధమని ఆయనకూ తెలుసు, మీకూ తెలుసు. ఆ తర్వాత, ఆయనకు ఇబ్బంది లేకపోతే, ఆ ఐదు పద్యాలూ ఒకసారి చదివి వినిపించమని అడగండి. మీరు వినండి. ఆమె ఎలా ఉండేవారో, ఏ ఊరో, ఆ పద్యాల్లో వచ్చే తులసికోటో పెరడో ఎక్కడిదో అడగండి. ప్రాస సంగతి ఆయన ఎత్తితేనే మీరు ఎత్తండి. కందం రాయగలిగిన మనిషి తనంతట తాను ఎత్తుతారనే నా నమ్మకం. అప్పుడు ఇద్దరూ కలిసి ఆ పాదానికి మాట వెతకండి.

ఇక మీ అడ్మిన్ పెట్టిన నియమం. ఆయన మీద కోపం పెట్టుకోకండి, గ్రూపు చెదిరిపోతుందని భయపడి చేసిన పని అది. పైగా ‘అద్భుతం’, ‘అమోఘం’ అనే మాటలు ఎదురుపడినప్పుడు పెట్టే నమస్కారం లాంటివి. పెట్టకపోతే మనసు చివుక్కుమంటుంది, పెట్టడంలో తప్పేమీ లేదు. ఎదుటివారి నమస్కారం చూసి నా ఒంట్లో ఎలా ఉందో నేను తెలుసుకోలేను, అంతే. లెక్కల మనిషి కాబట్టి మీరే లెక్కవేసి చూడండి. రోజుకు ఐదుగురు ఒక్కో కవిత పెట్టినా నెలకు 150. ఆఫీసు, వంట, పిల్లల చదువులు, సిల్క్ బోర్డు దగ్గర కదలని బస్సు, వీటన్నిటి మధ్య 150 కవితలు చదివి, ఆలోచించి, ఒక్కోదానికి ఒక మంచి మాట చెప్పగల మనిషి ఎక్కడున్నారు? ఆ చప్పట్ల బొమ్మల వెనక చెడ్డ మనసు లేదు, అలసట ఉంది.

ప్రోత్సాహం అంటే అబద్ధమని మీరు అనుకుంటున్నట్టుంది. అక్కడ మీతో నేను ఏకీభవించను. తప్పు చూపడం కంటే బాగున్న చోటు చూపడం చాలా కష్టం. ప్రాస తప్పితే ఛందస్సు పుస్తకం మీ తరఫున సాక్ష్యం చెబుతుంది. ఒక మాట దగ్గర మీకు ఊపిరి ఆగినట్టయితే దానికి సాక్షి మీరొక్కరే. అందుకే చాలామంది ఆ మాట బయటికి అనరు. ఎవరూ అనకపోవడం వల్ల, రాసినవారికి తన కవితలో ప్రాణం ఎక్కడుందో తెలియదు. తిరగరాసేటప్పుడు సరిగ్గా ఆ పంక్తినే కొట్టేస్తారు. కొత్తగా రాస్తున్నవారి విషయంలో ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. కాబట్టి మీ గ్రూపు నియమం మీకు అడ్డం కానే కాదు. ‘అద్భుతం’ అని రాయకండి. ‘నాలుగో పంక్తిలో కిటికీ అన్న మాట దగ్గర ఆగిపోయాను, మా అత్తగారి ఇల్లు గుర్తొచ్చింది’ అని రాయండి. అది ప్రోత్సాహమే, అబద్ధమూ కాదు.

తప్పు చెప్పవలసి వచ్చినప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. మాటల్లో చెబితే గాలిలో కలిసిపోతుంది కాబట్టి ఒక పాదం తీసుకుని చూపిస్తాను. ఎవరో ఇలా ఆటవెలది మొదలుపెట్టారనుకుందాం:

మల్లెపూల వాన గాంధి బజారులో

మూడు సూర్యగణాలు (మూడేసి మాత్రల గుంపులు), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల గుంపులు) పడాలి. పడ్డాయి. మల్లె, పూల, వాన మూడూ హగణాలు, సూర్యగణాల్లో ఒక రకం. ‘గాంధిబ’ భగణం, ‘జారులో’ రగణం, ఇవి ఇంద్రగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పోలిక, మాత్రం కుదరలేదు. పాదం ‘మ’తో మొదలైంది, నాలుగో గణం ‘గా’తో మొదలైంది. రెండిటికీ మైత్రి లేదు, యతికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా లేదు. ఇప్పుడు మీ గ్రూపులో ఎవరైనా ‘యతిభంగం’ అని ఒక్క మాట రాసి వెళ్లిపోయారనుకోండి. రాసినవారికి సిగ్గు మిగులుతుంది, దారి మిగలదు.

దానికి బదులు ఒక ప్రశ్న వేయండి. ‘మీకు ఇందులో ఏది ముఖ్యం? పూలవానా, గాంధి బజారా?’ వానే ముఖ్యమంటే చోటు మారిస్తే సరిపోతుంది:

మల్లెపూల వాన మల్లేశ్వరపు వీధి

‘మ’కు ‘మ’ కుదిరింది. గణాలూ సరిపోయాయి. అలా కాదు, చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది గాంధి బజారులోనే, దాన్ని వదులుకోలేనంటే పాదం మొదలు మారాలి:

గంపలోని పూలు గాంధి బజారులో

యతి కుదిరింది. వాన పోయి గంప వచ్చింది. నామటుకు నాకు గంపే నచ్చింది. పూలవాన ఎవరైనా కురిపిస్తారు, గంపను చూడాలంటే ఆ బజారులోకి ఒకసారి వెళ్లి రావాలి. అయినా ఎంచుకోవలసింది రాసినవారే. ఆ బజారులో ఎవరి చెయ్యి పట్టుకుని నడిచారో నాకు తెలియదు కదా.

ఇంకొక చిన్న సంగతి, పద్యాలకు సంబంధించినది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతిస్థానం పదో అక్షరం. ఫోను తెరమీద ఆ పాదం రెండు ముక్కలై కనిపిస్తుంది. చదివేవారి చూపు తెర తుంచిన చోట ఆగుతుంది, యతి దగ్గర ఆగవలసిన ఊపు పోతుంది. బాగున్న పద్యం కూడా అలా కుంటుతున్నట్టు అనిపిస్తుంది. పద్యం రాసేవాళ్లను అక్షరాలతోపాటు గొంతులో కూడా పంపమని అడగండి. విన్న తర్వాతే మాట చెప్పండి.

ఇప్పుడు మీ కవిత. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెబుతాను. మిగతా పాఠకుల కోసం దాన్ని ఇక్కడ ఉంచుతున్నాను.

బస్సులో అమ్మ పంపిన టమాటాల పెట్టె
అడుగున పరిచిన పాత పేపరు
దాని మీద మా ఊరి తేదీ
నా ఒంటరితనపు మహాసముద్రంలో
అది ఒక చిరుదీపం
టమాటాలు సర్దడం మరిచి
పేపరు చదువుకుంటూ కూర్చున్నాను

మూడో పంక్తి దగ్గర నేను ఆగిపోయాను. ‘మా ఊరి తేదీ.’ తేదీకి ఊరేమిటి? మదనపల్లెలో 14 అయితే బెంగళూరులోనూ 14వ తేదీయే. మామూలు లెక్కలో ఆ మాట తప్పు. కానీ పుట్టిల్లు వదిలి వచ్చిన ఏ మనిషికైనా అది తప్పుకాదని తెలుసు. అక్కడ రోజు వేరు, ఇక్కడ రోజు వేరు. జిల్లా పేజీలో చనిపోయినవాళ్ల ఫొటోలు, సంతలో ధరలు, కరెంటు ఉండని వేళలు, అదంతా వేరే తేదీ. ఈ మూడు ముక్కల్లో ఇంత చెప్పారు. మీ గ్రూపులో ఈ మాట మీతో ఎవరూ అనలేదంటే నాకు బాధగా ఉంది.

తర్వాత రెండు పంక్తులు తీసేయండి. ‘ఒంటరితనపు మహాసముద్రం’, ‘చిరుదీపం’ మీవి కావు. మనందరం ఎక్కడో విని, చేతికందాయి కదా అని వాడేసే మాటలవి. నేనూ వాడాను. పెట్టె, పేపరు, తేదీ మీవి. సముద్రం లేని మదనపల్లెకు, సముద్రం లేని బెంగళూరుకు మధ్య మహాసముద్రాన్ని తీసుకురావలసిన అవసరమేముంది? ఆ రెండూ తీసి, మూడో పంక్తి తర్వాత నేరుగా ‘టమాటాలు సర్దడం మరిచి’కి వెళ్లి, ఒకసారి పైకి చదివి చూడండి. ఒంటరితనం అన్న మాట లేకపోయినా ఒంటరితనం అక్కడే కూర్చుని ఉంటుంది. చివరి పంక్తి గురించి నాకు కొంచెం సందేహం ఉంది. ‘చదువుకుంటూ’ దగ్గర ఆపితే చాలేమో అనిపిస్తుంది. ఇది నా చెవి చెప్పిన మాట. మీ చెవి వేరే చెబితే దాని మాటే వినండి.

ఎవరిని అడగాలి అన్నారు. 60 మందిని అడగకండి. ముగ్గురు చాలు, ఒక్కరు దొరికినా చాలు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో భారతాన్ని తెలుగు చేయబూనిన నన్నయ, అవతారికలోనే, అంటే కావ్యం ముందుమాటలోనే, నారాయణభట్టును తలుచుకున్నాడు. భారతయుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడైనట్టు తనకు తోడయ్యాడని రాశాడు. ఆ పద్యంలో నాకు ఎంతో ఇష్టమైన మాట ‘సహాధ్యాయుడు’. గురువు అనలేదు, పరీక్షకుడు అనలేదు. తనతో కలిసి చదువుకున్నవాడు, తనకు ఇష్టుడు అన్నాడు. ఆ పోలిక కూడా చూడండి. కృష్ణుడు రథం తోలాడు. బాణం వేసింది అర్జునుడే.

మీ గ్రూపులోంచి అలాంటివాళ్లను ముగ్గురిని ఏరుకోండి. మీకంటే బాగా రాసేవాళ్లే కానక్కరలేదు. మీరు రాసింది రెండుసార్లు చదివే ఓపిక ఉన్నవాళ్లు కావాలి. నెలకొకసారి కలవండి. కబ్బన్ పార్కులో ఆదివారాలు వాహనాలు తిరగవు. ఆ ఎర్రటి లైబ్రరీ భవనం దాటి లోపలికి వెళితే నలుగురు కూర్చుని గొంతెత్తి చదువుకోవడానికి కావలసినంత నీడ ఉంటుంది. కాడుగోడి నుంచి వచ్చేవాళ్లకూ, విజయనగర్ నుంచి వచ్చేవాళ్లకూ ఒకటే మెట్రో లైను. వానైతే వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, మీకు మల్లేశ్వరం నుంచి ఎంతో దూరం కాదు. కలవలేని నెలలో ఫోనులోనే నలుగురూ ఒకేసారి మాట్లాడుకోండి. రాసి పంపిన మాట కంటే గొంతులో విన్న మాట తక్కువ గుచ్చుకుంటుంది.

రాసినవారు తమ కవితను రెండుసార్లు చదవాలి. చదవడానికి ముందు, తనకు ఏం కావాలో చెప్పాలి. ‘ఇది ఇప్పుడే రాశాను, వినండి చాలు’ అంటే వినడమే. ‘చివర కుదరడం లేదు’ అంటే చివర గురించే మాట్లాడాలి. మీ పెద్దాయనకు ఈ ఒక్క మాట చెప్పుకునే వీలు ఉండి ఉంటే ఇంత జరిగేది కాదు. ఆ తర్వాత రాసినవారు మౌనంగా ఉండాలి. ఇది కష్టం. ‘నా ఉద్దేశం అది కాదండీ’ అని నోటిదాకా వస్తుంది. రానివ్వకండి. మీ ఉద్దేశం కవితలో లేకపోతే మీరు పక్కన కూర్చుని ఎంత చెప్పినా రాదు. మిగతా ముగ్గురిలో ఒకరు తనకు ఏం అర్థమైందో తన మాటల్లో చెప్పాలి. అన్నిటిలోకీ ఉపయోగపడేది ఇదే. మీరు అమ్మ గురించి రాస్తే వినేవారికి ఊరి గురించి అని వినిపించవచ్చు. ఆ సంగతి తెలిస్తే చాలు, మిగతాది మీరే దిద్దుకోగలరు.

అవధానం చూసే ఉంటారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, ఉంటారు. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అక్షరాన్ని నిషేధిస్తారు, దత్తపది ఇచ్చేవారు వాడవలసిన మాటలిస్తారు, సమస్య ఇచ్చేవారు ఒక పాదం ఇస్తారు. ఎవరి పని వారు చేసి కూర్చుంటారు, అందరూ అన్నీ అడగరు. పద్యం అవధానే చెబుతాడు. మీ నలుగురిలోనూ ఒకరు శబ్దం చూడండి, ఒకరు అర్థం చూడండి. మరుసటి నెల మార్చుకోండి.

పత్రికలకు పంపే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. కవిత ఎక్కడా, సామాజిక మాధ్యమాల్లో కూడా, వెలువడలేదని హామీ అడిగే పత్రికలు, పోటీలు చాలా ఉన్నాయి. 60 మంది గ్రూపులో పెట్టేముందు ఆ నిబంధన చూసుకోండి.

ఇక ఆ అబ్బాయి.

కన్నడంలో ఊట అంటే భోజనం. బెంగళూరులో ఎవరు ఎదురైనా ‘ఊట ఆయ్తా?’ అనే అడుగుతారు. 19 ఏళ్లుగా మీరూ వింటున్నారు. ఆ అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇంట్లో తెలుగు, బడిలో, వీధిలో కన్నడం. అన్నం అనే మాటకంటే ముందు ఆ మాటే అతని చెవిన పడి ఉండవచ్చు. అమ్మ చేతి భోజనం అన్న అర్థంలోనే రాసి ఉంటాడు. మీరు తెలుగులో అది తప్పు అన్నారు. నిఘంటువు మీ పక్షానే ఉంది.

ఇప్పుడు మీరు మదనపల్లె మనిషిగా ఆ మాట మళ్లీ వినండి. ఊట అంటే మనకు ఏమిటి? ఎండిన ఏట్లో ఇసుక తోడితే అడుగున మెల్లగా చేరే నీరు. ఒక చెంబు తీస్తే మళ్లీ ఒక చెంబు. చెలమ ఊరుతుంది. జాడీలో ఆవకాయ ఊరుతుంది. వాసన తగిలితే నోట్లో నీళ్లు ఊరుతాయి. ‘అమ్మ చేతి ఊట.’ కన్నడం తెలిసిన చెవికి అమ్మ పెట్టిన అన్నం. తెలుగు చెవికి అమ్మ చేతిలోంచి ఎంత తీసినా తరగక ఊరే నీరు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లవాడు మాత్రమే రాయగల మాట అది. తెలిసి రాశాడో తెలియక రాశాడో, అతని చేతికి వచ్చింది. నాకు వచ్చేది కాదు, ఎంత ప్రయత్నించినా.

దాన్ని తీసి మీరు ‘వంట’ పెట్టారు. అమ్మ చేతి వంట. ఆ మాట మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. విన్నవెంటనే చెవి దాటిపోతుంది. అతను వినయంగా మార్చుకుని కృతజ్ఞతలు చెప్పాడు. పెద్దాయన పద్యాలు తొలగించి వెళ్లిపోయారు కాబట్టి ఆ నొప్పి మీకు తెలిసింది. ఈ పిల్లవాడు నవ్వుతూ తన పంక్తిని చెరిపేశాడు కాబట్టి అది మీకు మేలు చేసినట్టు కనిపించింది.

మిమ్మల్ని నొప్పించడానికి ఇది రాయడం లేదు. నేను ఇంతకంటే పెద్ద తప్పు చేశాను. పాతికేళ్ల కిందట చామరాజపేటలో ఒక అచ్చు ప్రెస్సులో పనిచేసే మిత్రుడొకరు ఉండేవారు. రాత్రి షిఫ్టు అయ్యాక రాసుకునేవారు. అచ్చులో పాడైన కాగితాల వెనకవైపు, సన్నటి అక్షరాలతో. ఒకసారి ఒక కవిత నా చేతికిచ్చి చూడమన్నారు. నేను ప్రేమతోనే ఎర్ర సిరా కలం తీసుకుని కూర్చున్నాను. మాటలు మార్చాను, పంక్తులు పైకీ కిందికీ జరిపాను, ముగింపు నేనే రాశాను. మంచి ముగింపు అని మురిసిపోయాను కూడా. మర్నాడు ఇస్తే, కాగితం చాలాసేపు చూసి, నా చేతిలోనే తిరిగి పెట్టి, ‘బాగుందండీ. ఇప్పుడిది మీది అయింది, మీరే ఉంచుకోండి’ అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఆ తర్వాత ఆయన నాకు మరొకటి చూపించలేదు. రాయడం కూడా మానేశారని చాలా కాలానికి తెలిసింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎర్ర సిరా వెలిసిపోయింది. కింద ఆయన రాసుకున్న మాటలు ఇప్పుడే స్పష్టంగా కనిపిస్తున్నాయి, నేను మార్చినవాటికంటే అవే బాగున్నాయి.

ఆ అబ్బాయి కవిత చూసిన రోజు మీరు రాయవలసింది ఇంతే: ‘ఊట అనగానే నాకు మా ఏటి చెలమ కనిపించింది. మీరు అన్నది భోజనమా? నాకు రెండూ ఒకేసారి వినిపించాయి. తెలిసే రాశారా?’ తెలిసి రాసినవాడైతే మీరు పట్టుకున్నందుకు సంబరపడేవాడు. తెలియక రాసినవాడైతే తన చేతికి ఏం దొరికిందో ఆ రోజు తెలుసుకునేవాడు. ఉంచడమో తీయడమో అతని ఇష్టం.

ఇప్పటికీ మించిపోలేదు. పెద్దాయన ఇంటికి వెళ్లడానికి ఆదివారం దాకా ఆగవచ్చు. ఈ అబ్బాయికి మాత్రం ఇవాళే ఫోను చేయండి. చెలమ అంటే ఏమిటో అతనికి తెలిసి ఉండకపోవచ్చు, మీ ఊరి ఏరు గురించి కొంచెం చెప్పండి. పాత ప్రతి అతను ఉంచుకున్నాడో లేదో. మీ ఫోనులో ఉండవచ్చు, గ్రూపులో వెనక్కి వెళ్లి వెతికి, దిద్దకముందు ఎలా ఉందో అలాగే అతనికి పంపండి.